ఇరవై మిల్లీలీటర్లు

శేషగిరి గారు గురువారం ఉదయం 6:10కి పోయారు. అందులో మిస్టరీ ఏమీ లేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, పాంక్రియాస్ కాన్సర్, పదకొండు వారాలుగా ఇంట్లోనే హాస్పిస్ మంచం మీద ఉన్నారు. ఇక బతకరని తేలిన మనిషిని హాస్పిటళ్ళ చుట్టూ తిప్పకుండా, నొప్పి తెలియకుండా ఇంట్లోనే సాగనంపడం హాస్పిస్ వాళ్ళ పని. ఆ పని సక్రమంగానే జరిగింది.

మిస్టరీ 8:15కి మొదలైంది.

ట్రాయ్ ఊళ్ళో ఆ ఇంటి ఫ్రిజ్‌లో, ఆవకాయ సీసా వెనక ఒక తెల్ల డబ్బా ఉండాలి. ఉంది. డబ్బాలో నాలుగు మందులుండాలి. మూడే ఉన్నాయి. మార్ఫిన్ సీసా లేదు.

ముప్పై మిల్లీలీటర్ల సీసా. మిగిలి ఉండాల్సింది ఇరవై. చిక్కటి ద్రవం. అలవాటు లేనివాళ్ళు తాగితే నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంది.

శుక్రవారం 8:30కి ఫైలు షాలేం రాజు టేబుల్ మీదికొచ్చింది.

షాలేం రాజుకి యాభై ఎనిమిది. ఇరవై రెండేళ్ళు ఫార్మసిస్టుగా చేశాడు. ఆరేళ్ళుగా హాస్పిస్ ఏజెన్సీలో డైవర్షన్ ఇన్వెస్టిగేటర్. అంటే, రోగికని ఇచ్చిన మందు దారి తప్పితే, తప్పించిందెవరో పట్టుకునే పని. తుపాకీ లేదు, బ్యాడ్జి లేదు. ఒక కాలిక్యులేటరు, ఒక పెన్ను, ఒక పాత కామ్రీ కారు. మనుషుల మాటల కంటే సీసా మీద గీతలంటేనే అతనికి గురి. మూడేళ్ళ కిందట భార్య పోయాక మాటలు మరీ తగ్గిపోయాయి. ఆదివారం చర్చికి వెళ్ళడం కూడా మానేశాడు. ఎవరైనా ఫోన్ చేసి ఎలా ఉన్నారంటే బాగున్నానండీ అంటాడు. బాగోలేడు. ఎవరూ రెండోసారి అడగలేదు కాబట్టి చెప్పాల్సిన పనీ పడలేదు.

బాస్ ఫోన్‌లో తేల్చేశాడు. ఇదేం పెద్ద కేసు కాదట. ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళలో దేవకుమారి అని ఒక నర్సుంది. ఆమె లైసెన్స్ మానిటరింగ్‌లో ఉంది. అంతకంటే ఏం కావాలి? రిపోర్టు శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపు పంపమన్నాడు. అది నర్సింగ్ బోర్డుకీ వెళ్తుంది, ఆమె చదివే యూనివర్సిటీకీ వెళ్తుంది.

షాలేం రాజు సరేనన్నాడు. పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

9:30. ఏజెన్సీ కాన్ఫరెన్స్ రూమ్. మార్గరెట్ ఎదురుగా కూర్చుంది. నర్స్ ప్రాక్టీషనర్, అంటే మందులు కూడా రాయగల పెద్ద నర్సు. దేవకుమారి ఆమె దగ్గర ట్రైనింగ్‌లో ఉంది.

మార్గరెట్ చెప్పిన లెక్క ఇదీ. బుధవారం సాయంత్రం నాలుగింటికి తనే కొలిచింది, ఇరవై రెండు మిల్లీలీటర్లు. డోసు అర మిల్లీలీటరు, నాలుగు గంటలకోసారి. ఇచ్చేది భార్య వసుమతి గారు. ఆరు, పది, రెండు, మళ్ళీ ఆరు. నాలుగు డోసులకి రెండు మిల్లీలీటర్లు పోతే మిగలాల్సింది ఇరవై. గురువారం 7:05కి దేవకుమారితో కలిసి వెళ్ళింది. 7:20కి మరణాన్ని ధ్రువీకరించింది. మిగిలిన మందుని లెక్కపెట్టి, ఇంటివాళ్ళ ఎదుటే పిల్లి ఇసుకలో, అంటే పెంపుడు పిల్లులు దొడ్డికెళ్ళే మట్టిలో, కలిపి పాడుచేయాలని చెప్పింది. అది రూలు. 8:15కి డబ్బా తీస్తే సీసా లేదు. నోట్లో మందు వేసే సూది లేని సిరంజి కూడా లేదు.

"మీరు ఎప్పటిదాకా ఉన్నారు?"

11:30 దాకా, అంది. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు బాడీని తీసుకెళ్ళాక, ఫ్రిజ్ మీద అంటించిన డోసుల చార్టు ఊడదీసుకుని వచ్చేసింది.

"దేవకుమారి?"

మార్గరెట్ తన నోట్సు తిరగేసింది. ఆమె 9:05కే వెళ్ళిపోయిందని చెప్పింది. సీసా పోయిందని తెలిసిన యాభై నిమిషాలకి. తను ఆ అమ్మాయిని నమ్మిందనీ, ఇప్పుడేం నమ్మాలో తెలియడం లేదనీ కూడా అంది.

11:00. మ్యాడిసన్ హైట్స్‌లో సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్. దేవకుమారి తలుపు తీసింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. గోడ మీద తెలుగు చర్చి క్యాలెండరు, హాల్లో ఒకటే కుర్చీ. ఆ కుర్చీ అతనికిచ్చి తను కిటికీ గట్టు మీద కూర్చుంది. రెండో కుర్చీ అవసరం ఆ ఇంటికి ఎప్పుడూ రాలేదని షాలేం రాజుకి అర్థమైంది. అతని ఇంట్లో ఆరున్నాయి, ఐదు ఖాళీ.

కథ ఆమే మొదలుపెట్టింది. దాచడానికి ఏమీ లేదన్నట్టు, చాలాసార్లు చెప్పి అరిగిపోయిన గొంతుతో. మూడేళ్ళ కిందట హాస్పిటల్లో ఒక పేషెంట్‌ని లేపుతుంటే నడుం పట్టేసింది. డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. అవి అయిపోయాక ఆగలేకపోయింది. పేషెంట్లకి ఇవ్వగా మిగిలిన మాత్రలు తీసుకుంది. నాలుగు నెలలు. పట్టుబడకముందే తనే వెళ్ళి చెప్పేసింది. లైసెన్స్ తీసేయలేదు గానీ మూడేళ్ళ కాంట్రాక్టు రాయించుకున్నారు. అందులో ఇరవై ఆరు నెలలు గడిచాయి. రోజూ పొద్దున్నే ఫోన్‌లో యాప్ తెరిచి చూడాలి. పేరొస్తే ఆ రోజే వెళ్ళి, ఒకావిడ నిలబడి చూస్తుండగా యూరిన్ శాంపిల్ ఇవ్వాలి. మత్తు మందుల్ని తాకకూడదు. మందుల అలమరా తాళాలు ముట్టుకోకూడదు. పాడుచేసేటప్పుడు సాక్షి సంతకం కూడా పెట్టకూడదు. నైట్ డ్యూటీ లేదు.

ఆ మధ్యలోనే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో చేరింది. పదమూడు కాలేజీలకి రాస్తే ఒకటి రమ్మంది. క్లినికల్ గంటలు, అంటే పేషెంట్ల దగ్గర శిక్షణ, ఆరువందలు చేయాలి. ఇంకా నలభై రెండు మిగిలాయి. ఇప్పుడు రిపోర్టులో ఆమె పేరు పడితే కాంట్రాక్టు తప్పినట్టు. లైసెన్స్ పోతుంది. లైసెన్స్ పోతే చదువూ పోతుంది. నలభై రెండు గంటలు.

"చర్చిలో తెలుసా?" అడిగాడు షాలేం రాజు.

"ఎవరికీ తెలీదు సార్. చివరి వరసలో కూర్చుని, భోజనాలకి ముందే వచ్చేస్తాను."

"గురువారం 9:05కి ఎక్కడికెళ్ళారు?"

"యాప్‌లో పేరొచ్చింది. 9:40కి శాంపిల్ ఇచ్చాను. రిజల్ట్ సోమవారం దాకా రాదు."

"ఇంట్లోవాళ్ళకేం చెప్పారు?"

"క్లాసుందని." ఆమె తల దించుకుంది. "ఏమని చెప్పను సార్?"

"బ్యాగ్?"

"పేషెంట్ ఇంట్లోకి తీసుకెళ్ళను. కోటు కూడా కార్లోనే. ఇవిగో, జేబులు కుట్టేసుకున్నాను."

డ్యూటీలో వేసుకునే స్క్రబ్స్ టాపు చూపించింది. నీలం గుడ్డ మీద నీలం దారం. రెండు జేబుల మూతులూ దగ్గర దగ్గర కుట్లతో మూసేసి ఉన్నాయి. షాలేం రాజు ఆ కుట్లు లెక్కపెట్టాడు. కానీ కుట్టిన జేబు సాక్ష్యం కాదు. చేతిలో పట్టుకుని కూడా కారుదాకా నడవచ్చు.

"కిచెన్‌లోకి వెళ్ళారా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదు సార్."

2:00. ట్రాయ్. నవంబరు ఆకాశం ఇంటి కప్పుల మీదికి దిగి కూర్చుంది. తలుపు తీసింది కూతురు హాసిని. ఇక్కడే పుట్టిన పిల్ల, ముప్పై నాలుగేళ్ళు, షికాగోలో ఉద్యోగం. నాన్న కోసం నెల నుంచి ఇక్కడే ఉంటోంది. అన్ని పనులూ తనే నెత్తినేసుకుని తిరుగుతోంది.

"క్రిమేషన్ రేపు eleven కి అంకుల్. అమ్మని ఎక్కువ అడగొద్దు, please. She's not eating."

సీసా గురించి అడిగాడు. తను ముట్టుకోలేదంది. గురువారం ఉదయం 8:30కి వాడిన సామాన్లన్నీ రెండు చెత్త సంచుల్లో కట్టి గరాజ్‌లో పెట్టింది. అవింకా అక్కడే ఉన్నాయి. షాలేం రాజు గ్లవ్స్ వేసుకుని రెండు సంచులూ గరాజ్ నేల మీద బోర్లించాడు. ముప్పావు గంట వెతికాడు. డైపర్లు, దూది, ఖాళీ జ్యూస్ డబ్బాలు. సీసా లేదు. సిరంజీ లేదు.

"కిచెన్‌లోకి ఎవరెవరు వెళ్ళారు?"

"మార్గరెట్. నేను. అమ్మ. And ఆ nurse, దేవీ. Seven-forty అనుకుంటా. Fridge open చేసి ఉంది."

షాలేం రాజు పెన్ను ఆగింది.

"ఖచ్చితంగా చూశావా?"

"అంకుల్, నేను hallway లో ఉన్నాను. I saw her."

బయటికొచ్చి కార్లో కూర్చుని దేవకుమారికి ఫోన్ చేశాడు. హాసిని చెప్పింది చెప్పాడు.  ఆమె ఒప్పుకుంది. కాఫీ పెట్టిందట. వసుమతి గారు రాత్రి నుంచి ఏమీ తీసుకోలేదు, కూర్చున్నచోటే వణికిపోతున్నారు. పాల కోసం ఫ్రిజ్ తెరిచింది. మార్ఫిన్ ఉన్న ఫ్రిజ్.

"ఎందుకు అబద్ధం చెప్పారు?"

"నిజం చెప్తే నమ్ముతారా సార్?"

షాలేం రాజు ఫోన్ పెట్టేశాడు. నమ్మేవాడు కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

మళ్ళీ ఇంట్లోకి వెళ్ళాడు. వసుమతి గారు ముందు గదిలో ఖాళీ హాస్పిస్ మంచం పక్కనే కుర్చీలో ఉన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి. చీర మీద బూడిదరంగు స్వెటర్. సీసా ఎక్కడుందో తెలుసామ్మా అని అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆఖరి డోసు ఎప్పుడిచ్చారని అడిగాడు. ఆవిడ చూపంతా గోడ మీది గడియారం మీదే ఉంది. హాసిని వచ్చి, ఇక చాలు అంకుల్ అంది.

అతను లేచాడు. కేసు అయిపోయింది. అబద్ధాలు రెండు, పాత తప్పు ఒకటి, తెరిచిన ఫ్రిజ్ ఒకటి. ఇంతకంటే తక్కువతో తను ముగ్గురి ఉద్యోగాలు ఊడగొట్టాడు. వాళ్ళు నిజంగానే దొంగలు, అది వేరే సంగతి.

శనివారం ఉదయం 7:30. షాలేం రాజు తన కిచెన్ టేబుల్ దగ్గర రిపోర్టు ఫారం తెరిచాడు. పేరు, తేదీ, చిరునామా నింపాడు. 'మాయమైన పరిమాణం' అన్న గడి దగ్గర ఆగాడు. మార్గరెట్ ఇరవై అని రాసింది. రాసేయొచ్చు. కానీ ఇంకొకరి లెక్క చూసి రాసే అలవాటు అతనికి లేదు. ఫైల్లోంచి డోసుల చార్టు తీశాడు. వసుమతి గారి చేతిరాత. ప్రతి డోసుకీ ఒక టైమూ, పక్కన ఒక టిక్కూ.

ఇరవై రెండు తీసుకుని, బుధవారం నాలుగు తర్వాతి టిక్కులు లెక్కపెట్టి, అరతో గుణించి తీసేశాడు.

పందొమ్మిదిన్నర.

మళ్ళీ చేశాడు. పందొమ్మిదిన్నర.

మార్గరెట్ తప్పు లెక్కపెట్టిందా? నర్సులు అంత తేలిగ్గా పొరబడరు. చార్టుని దీపం కిందకి జరిపి ఒక్కో వరసా వేలు పెట్టి చదివాడు. సాయంత్రం ఆరు. రాత్రి పది. రెండు. పొద్దున ఆరు. నాలుగు టిక్కులు. దాని కింద ఇంకొకటి.

గురువారం. ఉదయం పది. టిక్కు.

శేషగిరి గారు పోయింది 6:10కి.

నిన్న ఈ కాగితాన్ని రెండుసార్లు చూశాడు. మార్గరెట్ చూసింది. బాస్ చూశాడు. ఎవరి కళ్ళూ ఆ వరస మీద ఆగలేదు. మనిషి పోయిన క్షణానికి చార్టు ముగిసినట్టే అనుకోవడం ఈ వృత్తిలో అందరికీ అలవాటు. ఆ తర్వాత రాసింది ఎవరూ చదవరు.

షాలేం రాజు లేచి నిలబడ్డాడు. పదింటికి సీసా వసుమతి గారి చేతిలో ఉంది. 9:05కే వెళ్ళిపోయిన దేవకుమారి దగ్గర ఉండే వీల్లేదు. అది మంచి వార్త. మరి ఇప్పుడెక్కడుంది? భర్త పోయిన మనిషి. అన్నం మానేసిన మనిషి. చేతిలో పందొమ్మిదిన్నర మిల్లీలీటర్ల మార్ఫిన్. తన భార్య పోయిన వారంలో తన బాత్రూమ్ అలమరా ముందు తనెంతసేపు నిలబడ్డాడో ఈ భూమ్మీద అతనొక్కడికే తెలుసు.

7:52కి హాసినికి ఫోన్ చేశాడు.

"అమ్మ ఎక్కడమ్మా?"

"Funeral home లో అంకుల్. నాన్నకి స్నానం అయింది. అమ్మ dress చేస్తోంది."

"మెలకువగానే ఉన్నారా? మాట తేడాగా ఉందా?"

"No. Why? ఏమైంది?"

"ఆవిడ్ని ఒక్క నిమిషం కూడా వదలకు. స్వెటర్ జేబులు, హ్యాండ్‌బ్యాగ్ చూడు. నేను వస్తున్నా."

కారు దగ్గరికి నడుస్తూనే మార్గరెట్‌కి ఫోన్ చేశాడు. తర్వాత దేవకుమారికి. ఇద్దర్నీ రమ్మన్నాడు.

8:06కి సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా హాసిని మళ్ళీ చేసింది. జేబుల్లో ఏమీ లేదు. బ్యాగ్‌లో ఏమీ లేదు. అమ్మ మామూలుగానే ఉంది.

ఊపిరి పీల్చుకోవాలో భయపడాలో తెలియలేదు. సీసా జేబులో లేకపోతే ఎక్కడికి పోయింది?

8:40. ఫ్యూనరల్ హోమ్‌లో పెట్టె మూత తెరిచి ఉంది. శేషగిరి గారు తెల్ల పంచె, లాల్చీతో, నుదుట విభూతితో పడుకుని ఉన్నారు. పంచె చక్కగా కట్టారు. కుచ్చిళ్ళు ఎక్కడా చెదరలేదు. నిలువెల్లా ఎంత ఓపిగ్గా సర్దారో తెలుస్తోంది. వసుమతి గారు పెట్టె కుడిపక్కన నిలబడ్డారు. ఒక చెయ్యి పెట్టె అంచు మీదుంది. రెండో చెయ్యి ఆయన నడుం దగ్గర, పంచె మడత మీద ఉంది. హాసిని వచ్చి కూర్చోమన్నా ఆ చెయ్యి కదల్లేదు.

షాలేం రాజు ఆ చేతిని చూశాడు. అతని తాత చుట్టలు అక్కడే పెట్టుకునేవాడు. పంచె కట్టే మగవాళ్ళు విలువైన వస్తువేదైనా రొంటినే దోపుకుంటారు. ఆ సంగతి మార్గరెట్‌కి తెలీదు, హాసినికి తెలీదు. వసుమతి గారికి తెలుసు.

9:15కి పక్కన ఫ్యామిలీ రూమ్‌లో ఐదుగురూ చేరారు. దేవకుమారి తలుపు దగ్గరే నిలబడిపోయింది. మార్గరెట్ కోసం హాసిని ఇంగ్లీషులో చెప్తూ వచ్చింది.

షాలేం రాజు గొంతు పెంచలేదు. మందు దొంగకి సీసా చాలు, సూది లేని సిరంజితో పనిలేదన్నాడు. నోట్లో చుక్కలు వేసేవాళ్ళకే అది కావాలి. పైగా దొంగ చార్టులో టిక్కు పెట్టడు. తర్వాత కాగితం తీసి ఆఖరి వరస కింద వేలు పెట్టాడు. గురువారం పదింటికి మార్గరెట్ సీసా పోయిందని చెప్పడానికి బయట డ్రైవ్‌వేలో ఫోన్‌లో ఉంది. హాసిని మేడ మీద ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడుతోంది. శేషగిరి గారి దగ్గర ఒక్కరే ఉన్నారు.

హాసిని మధ్యలోనే ఆగిపోయింది. "అమ్మా?"

వసుమతి గారు చార్టు అందుకుని ఆఖరి టిక్కు మీద చెయ్యి పెట్టారు. 

"ఆరింటికి ఇచ్చాను. ఇచ్చిన పది నిమిషాలకి పోయారు. సీసా నా జేబులోనే ఉండిపోయింది," అన్నారు ఆవిడ. "వీళ్ళొచ్చి పిల్లి ఇసుకలో కలిపి పారేస్తామన్నారు. ఆయన మందు. పదకొండు వారాలు దాన్ని పట్టుకునే బతికారు మనిషి. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. తెలీదన్నాను."

"పదింటికి?"

"పోయారని తెలుసు రాజుగారూ. నాకేం మతి పోలేదు. పది కొట్టింది. చేతులు ఊరుకోలేదు."

షాలేం రాజు తల ఊపాడు. అతని ఫోన్‌లో భార్య మందుల అలారం ఆవిడ పోయాక కూడా నలభై రోజులు మోగింది. ఆపేయడం రాక కాదు.

"ఇప్పుడు ఆయన రొంటిన పెట్టారు," అన్నాడు మెల్లిగా.

"ఒక్కరే వెళ్తున్నారు కదండీ. దారిలో నొప్పొస్తే ఎవరిస్తారు?"

హాసిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. మార్గరెట్‌కి ఎవరూ తర్జుమా చేయలేదు. ఆమె కూడా అడగలేదు.

ఇక అసలు మాట చెప్పాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ దొంగకీ ఏ తీర్పు చెప్పడానికీ షాలేం రాజు ఇంత తడబడలేదు. సీసా లోపలుండగా పదకొండింటికి పెట్టె కాలిపోతే, తన దగ్గర మిగిలేది ఒక టిక్కూ, ఆవిడ మాటా. పెద్దావిడ దుఃఖంలో ఏదో అంటోందని బోర్డువాళ్ళు కొట్టిపారేస్తారు. నింద దేవకుమారి మీదే ఉండిపోతుంది. ఆమె లైసెన్స్ పోతుంది, చదువు పోతుంది అని ఆవిడకి చెప్పాడు. ఈ సంగతి నిన్న హాసిని అమ్మకి చెప్పలేదు. చెప్పొద్దని తనే అనుకుంది.

వసుమతి గారు తలుపు దగ్గరున్న దేవకుమారి వైపు తిరిగారు.

"నిన్ననుకుంటున్నారా? నిన్నెందుకు?"

దేవకుమారి ఇంకో అడుగు వెనక్కి వేసింది.

వసుమతి గారు లేచారు. ఎవర్నీ సాయం రానివ్వలేదు. పెట్టె దగ్గరికి వెళ్ళి, వంగి, భర్త చెవి దగ్గర ఏదో చెప్పారు. ఏం చెప్పారో ఎవరికీ వినపడలేదు. తర్వాత పంచె మడతలోంచి చేతిరుమాలు మూట తీసి, తెచ్చి షాలేం రాజు చేతిలో పెట్టారు. చేతులు ఖాళీ అయ్యాక ఆవిడ ఏడ్చారు. గురువారం నుంచి అదే మొదటిసారని హాసిని తర్వాత చెప్పింది.

9:50. మార్గరెట్ కొలిచింది. పందొమ్మిదిన్నర. చుక్క తేడా లేదు.

పాడుచేసే పొడి ఉన్న కవరు మార్గరెట్ కార్లో ఉంది. మందు అందులో పోసి, సీలు వేశారు. సంతకాలు రెండు, మార్గరెట్‌దీ షాలేం రాజుదీ. దేవకుమారి అంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని, గోడకి ఆనుకుని, మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది. చూసినా తప్పే అన్నట్టు ఉంది ఆమె నిలబడ్డ తీరు. షాలేం రాజు సిరంజిని కుళాయి కింద మూడుసార్లు కడిగి, తుడిచి, వసుమతి గారికి తిరిగి ఇచ్చాడు.

"ఖాళీ సిరంజికి రూలేమీ లేదమ్మా. ఉండనివ్వండి."

ఆవిడ దాన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టారు.

10:25కి కారులో కూర్చుని రిపోర్టు పంపాడు. దొంగతనం లేదు. మందు మొత్తం లెక్కకొచ్చింది. పది గంటల అర మిల్లీలీటరు దగ్గర ఏం రాయాలా అని ఆలోచించి, 'భార్య ఇచ్చారు' అని రాశాడు. అది నిజమే కదా. దేవకుమారి పేరు పక్కన 'సంబంధం లేదు' అని రాసి, దాని కింద గీత గీశాడు.

11:45కి అంతా అయిపోయింది. జనం కార్లలోకి ఎక్కుతున్నారు. ఇంట్లో చుట్టాలు ఎదురుచూస్తున్నారు. పార్కింగ్ లాట్‌లో మార్గరెట్ వచ్చి దేవకుమారి భుజం మీద చెయ్యి వేసి, సోమవారం ఏడింటికి రమ్మంది. సారీ అని మాత్రం అనలేదు. దేవకుమారి థాంక్యూ అంది.

ఆమె కారు తాళాలు తీస్తుంటే వసుమతి గారు పిలిచారు. ఇంటికి రమ్మన్నారు. భోజనం చేయకుండా వెళ్ళొద్దన్నారు.

"రాలేను ఆంటీ," అంది దేవకుమారి. అలవాటుగా క్లాసు మాట నోటిదాకా వచ్చింది, అది షాలేం రాజుకి కూడా కనపడింది. ఆమె దాన్ని మింగేసింది. "క్లాసు లేదు. మొన్న కూడా లేదు. ఒకప్పుడు నేను పేషెంట్ల మాత్రలు దొంగతనం చేసి వేసుకున్నాను. అందుకే టెస్టులు చేస్తారు. నిన్న నా మీద అనుమానం వచ్చింది కదా, ఈ రోజు ఇంకోటి వేశారు. ఒంటిగంట లోపు వెళ్ళాలి. రిపోర్టు వెళ్ళినా ఈ టెస్టు రద్దు కాదు."

ఇరవై ఆరు నెలల్లో, విచారణకి తప్ప, ఒక తెలుగు మనిషికి ఆమె ఈ మాట చెప్పడం ఇదే మొదటిసారి. చెప్పి, తిట్టు కోసం ఎదురుచూస్తున్నట్టు నేల చూస్తూ నిలబడింది.

"ఎంతసేపు పడుతుంది?" అడిగారు వసుమతి గారు.

"అరగంట."

"ఎప్పుడూ ఒక్కదానివే వెళ్తావా?"

"అవునాంటీ."

వసుమతి గారు కూతురి వైపు తిరిగి, వచ్చినవాళ్ళకి భోజనాలు పెట్టమనీ, తను వచ్చాక స్నానం చేస్తాననీ చెప్పారు. హాసిని అమ్మ మొహం చూసి తల ఊపింది. వసుమతి గారు షాలేం రాజు కారు దగ్గరికి నడిచారు.

"మీరు డ్రైవ్ చేయండి రాజుగారూ. ఈ పిల్ల చేతులు వణుకుతున్నాయి."

12:20కి చేరారు. చిన్న గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గాజు కిటికీ వెనక ఒకావిడ. దేవకుమారి ఐడీ చూపించి, కోటు జేబులు తిరగేసి, ఫోన్ ట్రేలో పెట్టింది. గాజు వెనకావిడ తలెత్తకుండానే నంబర్ రాసుకుంది. రాస్తూ రాస్తూ, పక్కన ఇంకో నీడ కనపడి తలెత్తింది. చెదిరిన జుట్టు, నలిగిన చీర, ఎర్రబడ్డ కళ్ళు. మీరెవరు, మీకేం కావాలి అని అడిగింది.

వసుమతి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వచ్చిన కొద్ది ఇంగ్లీషునీ కూడగట్టుకుని, ఈ అమ్మాయితో వచ్చానని చెప్పారు.